పెద్దబాపు మటన్ లెక్క

మొన్న ఆదివారం ఇబ్రహీంపట్నంలోని నా ట్యూషన్‌కు మా పెద్దబాపు వచ్చాడు. మా బాపుకు స్వయానా అన్న. పదో తరగతి పిల్లలకు సమితుల పాఠం చెబుతున్నాను. బోర్డు మీద ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయిన రెండు వృత్తాలున్నాయి. పిల్లల కోసం వచ్చిన తల్లిదండ్రులందరి ముందూ ఆయన నన్ను చూపించి, "దీన్ని పట్టువట్టి ఎంపీసీల చేర్పిచ్చింది నేనే," అన్నాడు. నా చేతిలో సుద్దముక్క విరిగింది. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని అమ్మ నేర్పింది గనుక నవ్వి ఊరుకున్నాను. రాయకూడదని మాత్రం ఆమె నేర్పలేదు.

నా పదో తరగతి అయిన ఎండాకాలంలో ఆయన కొడుకు పెళ్లి చేసి దావత్ పెట్టాడు. మా దిక్కు దావత్‌లో పప్పు తక్కువైతే ఎవరూ పట్టించుకోరు, మటన్ తక్కువైతే మనవళ్ల దాకా చెప్పుకుంటారు. పెద్దబాపుకు అన్నీ పద్ధతిగా జరగాలి. కందుకూరు నుంచి నాదర్‌గుల్ దాకా చుట్టాలందరికీ ఫోన్లు చేసి సర్వే తీశాడు. మటన్ తినేవాళ్లు నూట ఇరవై, చికెన్ తినేవాళ్లు తొంభై, వాళ్లలో రెండూ తినేవాళ్లు యాభై. నూట ఇరవై, తొంభై కూడి రెండువందల పది విస్తర్లు తెప్పించబోయాడు. నేను ఊరుకోలేక ముగ్గుపిండితో నేల మీద రెండు వృత్తాలు గీశాను.

"ఆ యాభై మంది అందుల ఉన్నరు, ఇందుల ఉన్నరు పెద్దబాపు. ఒకసారి తీసేస్తే మనుషులు నూట అరవయ్యే," అన్నాను.

ఆయన చుట్టాల ముందు పగలబడి నవ్వాడు. "రెండు సున్నాలు గీసి నాకు లెక్క నేర్పుతదట! తమ్మీ, దీనికి ఎంపీసీ గింపీసీ వద్దు, మిషన్ కుట్టుడు నేర్పియ్."

అన్న మాట ఎన్నడూ దాటని బాపు తలూపాడు. నా చదువు అంతటితో అయిపోయిందనుకున్నాను. ఆ పూట అన్నం ముట్టలేదు. ఏడుద్దామన్నా కోపానికి ఏడుపు రాలేదు.

దావత్ పొద్దున ఆ సున్నాలనే ఆయన వంటాయనకు తన తెలివిగా చెప్పుకుంటున్నాడు. "యాభై మంది రెండు దిక్కుల ఉన్నరు. మటన్‌లకెల్లి కొట్టెయ్. డెబ్బై మందికి వండు, చాలు."

విస్తర్ల లెక్కలో తీసెయ్యాలి గానీ కూర లెక్కలో ఎలా తీస్తారు? రెండూ తినేవాడు రెండూ తింటాడు కదా! చెబుదామని నోరు తెరిచాను. మిషన్ కుట్టుడు గుర్తొచ్చి మూసుకున్నాను. అంత హాయిగా నేనెప్పుడూ నోరు మూసుకోలేదు.

సరిగ్గా వియ్యంకుడి వాళ్లు కూర్చున్న పంక్తిలోనే మటన్ అయిపోయింది. వియ్యంకుడు బగారన్నంలో చెయ్యి పెట్టి, గరిటె కోసం చూస్తూ కూర్చున్నాడు. పెద్దబాపు నా మీద పడ్డాడు. "ఈ పోరి సున్నాలే ముంచినయి!"

నేను అందరికీ వినబడేలా అన్నాను. "విస్తర్లకు తీసెయ్యమన్న పెద్దబాపు. మటన్‌కు ఎవరు తీసెయ్యమన్నరు?"

వియ్యంకుడు నవ్వాడు. "అవ్ గద, పిల్ల సక్కగ చెప్పింది. ఏం చదివిపిస్తున్నరు?"

బాపు తన అన్న వైపు చూడకుండా, "ఎంపీసీల ఏస్తున్న," అన్నాడు.

పెద్దబాపు ఇదంతా నిజంగానే మరిచిపోయినట్టున్నాడు. మరిచిపోవడం ఆయనకు సులువు, మాట పడింది నేను. మొన్న ఆయన వెళ్లగానే పుస్తకంలోని టీ, కాఫీ లెక్క పక్కన పెట్టి, ఏటా రాసే లెక్కే మళ్లీ రాశాను. పిల్లలు మారిపోతున్నారు, ఏళ్లు గడిచిపోతున్నాయి. నా బోర్డు మీద మాత్రం మా పెద్దబాపు దావత్‌లో మటన్ ఏటేటా తక్కువపడుతూనే ఉంది.