అనీబాల్ చెప్పని సగం

"మా మరిది అనీబాల్ బస్సు నడుపుతాడు" అని నలుగురిలో చెప్పుకోవడం నాకు సరదా. ఆ ఏడాది మాత్రం ఆ మాట ఎత్తడం మానేశాను. చలికాలంలో ఒక మధ్యాహ్నం మందుల షాపు ముందు ఒకామె అతని బస్సు కింద పడి చనిపోయింది. తప్పు అతనిది కాదని జడ్జి కేసు కొట్టేశాడు. డిపోవాళ్లు పనిలోకి రమ్మన్నారు. వెళ్లేవాడు, సీట్లో కూర్చునేవాడు, తాళం తిప్పేవాడు. కాలు మాత్రం కదిలేది కాదు. మార్చిలోగా బండెక్కకపోతే గేటు దగ్గర కాపలా పనికి మారుస్తామన్నారు. పెళ్లికి ముందునుంచీ స్టీరింగే లోకంగా బతికిన మనిషి, గేటు పక్కన కుర్చీ వేసుకుని తోటివాళ్ల బస్సులు వెళ్తుంటే చూస్తూ కూర్చోవాలన్నమాట.

మా బ్వేనోస్ ఐరిస్‌లో ఇలాంటి కష్టం వస్తే ఫాదరీ దగ్గరికి పరిగెత్తేవాళ్లు తక్కువ. కూరగాయల కొట్లో నిలబడి "మీరు ఎవరికి చూపించుకుంటున్నారు?" అంటే చాలు, ఉల్లిపాయలు తూచేవాడు కూడా ఒక మనసు డాక్టరు పేరు చెబుతాడు. అనీబాల్‌కి నేనొక పేరు చెప్పాను. అతని భార్య, అదే మా చెల్లెలు గ్రాసియేలా, ఇంకొకటి చెప్పింది. మేమిద్దరం పోట్లాడుకున్నాం. ఎవరి మాటా కాదనలేక పాపం రెండు చోట్లా చేరాడు.

నేను పంపింది డాక్టర్ ఫెల్మన్ దగ్గరికి. ఆయన గదిలో సోఫా మీద పడుకుని మా అమ్మను తిట్టుకోవడం నాకు చాలా ఏళ్ల అలవాటు. ఆయన మాట్లాడడు. మనమే మాట్లాడుతూ పోవాలి. మనకు తెలియకుండా ఏదో ఒక మాట నోరు జారిన చోట టక్కున లేచి "ఈ రోజుకి చాలు" అంటాడు. ఎక్కడ తెంపాడో ఆ మాటనే వారమంతా నెమరు వేసుకోవాలి. గ్రాసియేలా పంపిన సోలెదాద్ పద్ధతి వేరు. వయసులో చిన్నది, చురుకైనది. ఆమెకు అమ్మా అక్కర్లేదు, కలలూ అక్కర్లేదు. భయాన్ని మెట్లు మెట్లుగా విడగొట్టి ఇంటిపని ఇస్తుంది. ముందు బస్సును దూరం నుంచి చూసి రా, తర్వాత టికెట్టు తీసుకుని ఎక్కు, ఆ తర్వాత ఆ మందుల షాపు దగ్గర దిగి గుండెదడ తగ్గేదాకా నిలబడు, ఇలాగ.

అనీబాల్‌కి రెండూ కలగాపులగమయ్యాయి. సోలెదాద్‌కి కలలు చెప్పాడు. ఫెల్మన్‌కి ఇంటిపని అప్పజెప్పాడు.

"వదినా, ఆ షాపు దగ్గర నిలబడొచ్చానండీ అంటే ఆయన పైకప్పు వంక చూస్తాడేంటి?"

"చూడనీ. నువ్వు మాట్లాడుతూ ఉండు."

"ఏం మాట్లాడను? ఆ అమ్మాయేమో మీ నాన్న సంగతి తర్వాత, ఇవాళ దడ ఎలా ఉందో చెప్పండి అంటుంది. ఈయనేమో దడ సంగతి వదిలేసి మా నాన్న పేరు రాగానే దగ్గుతాడు. ఇంతకీ నాకేమైంది?"

"అది తెలుసుకోడానికే కదా వెళ్తున్నావ్."

"తెలిసినవాళ్లు చెప్పేయొచ్చుగా."

సోలెదాద్ మెట్లు మాత్రం పనిచేశాయని ఒప్పుకోక తప్పదు. జనవరిలో అతను ఖాళీ బస్సును డిపో ఆవరణలో ఒక చుట్టు తిప్పాడు. గ్రాసియేలా నా ముందు తెగ మురిసిపోయింది.

ఆ నెలాఖరున అనీబాల్ ఫెల్మన్ దగ్గర్నుంచి తిన్నగా మా ఇంటికొచ్చాడు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది.

"అంతా అయిపోయింది వదినా. 'ఆమెను చూడలేదని జడ్జితో చెప్పాను' అన్నాను. అంతే, ఈ రోజుకి చాలని తలుపు తీశాడు."

"అయితే ఏమైంది?"

"అక్కడే ఎందుకు ఆపాడు? నా అబద్ధం పట్టేశాడు. ఆ జడ్జి చెప్పని తీర్పు ఈయన చెప్పాడు."

ఈ తప్పు మా ఊరివాళ్లకే చేతనవును. డాక్టరు నోరు విప్పి చెప్పింది ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాం, ఆయన మౌనాన్ని మాత్రం శాసనంలా చదువుకుంటాం. "తోట" అన్న చోట డాక్టరు తెంపాడని, తోట లేని ఇంట్లో ఉండొద్దన్నాడనుకుని మా పక్కింటావిడ ఉన్న ఇల్లు అమ్మేసింది.

"వెళ్లి ఆయన్నే అడగరాదూ," అన్నాను.

"ఎక్కడని అడగను? రేపటినుంచి ఫిబ్రవరి."

నిజమే. మా దేశంలో ఫిబ్రవరి అంటే నడి వేసవి, సెలవులని మనసు డాక్టర్లంతా సముద్రపు ఒడ్డుకి పోతారు. సోలెదాద్ కూడా పోయింది. ఊరంతా ఎవరి పిచ్చి వాళ్లు మోసుకుంటూ ఎండలో తిరుగుతుంటుంది. అనీబాల్ తిండి మానేశాడు. కాపలా పనికి ఒప్పుకుంటానని డిపోకి ఫోన్ చేయబోతే గ్రాసియేలా ఫోన్ లాక్కుంది. నాకు ఫెల్మన్ మీద ఒళ్లు మండిపోయింది. పంపిన నా మీద ఇంకా మండింది.

డ్రైవర్ల యూనియన్ ఆఫీసులో ఎల్సా అనే పెద్దావిడ ఉంది. సముద్రానికి పోయే స్తోమత ఆమెకు లేదు. బండి కింద మనిషి పోయిన డ్రైవర్లను పిలిచి గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది. అనీబాల్‌ని చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కెళ్లాను. బంధువులు తలుపు దగ్గర కూర్చోవచ్చంటే కూర్చున్నాను.

అతని వంతు వచ్చింది. ఫెల్మన్ తెంపిన ఆ వాక్యమే అన్నాడు. "ఆమెను చూడలేదని జడ్జితో చెప్పాను." అని ఆగి అందరి మొహాలూ చూశాడు. ఎవరూ లేవలేదు. లావుపాటి డ్రైవరొకాయన "ఊఁ, తర్వాత?" అన్నాడు.

"చూశాను. షాపు ముందు నిలబడి చెయ్యెత్తింది. అక్కడ స్టాపు లేదు. వాన పడుతోంది, రెండు చేతులా సంచులు. ఆ సంచితోనే చెయ్యెత్తింది. పోనీలే పాపమని బండి పక్కకి తీశాను. ఆపుతున్నానని ఆమె రోడ్డు మీదికి దిగింది. దిగి జారింది. నేను ఆపబోకపోతే ఆమె దిగేదే కాదు."

ఇన్నాళ్లూ "నీ తప్పేం లేదు" అని మేం చెప్పిందేదీ అతనికి ఎందుకు ఎక్కలేదో అప్పుడర్థమైంది. అతనికి జరిగిన ప్రమాదం వేరు, మేం ఓదార్చిన ప్రమాదం వేరు. నాకు ఏడుపు ఆగలేదు.

"అప్పుడు నీ మనసులో ఏముంది నాయనా?" అంది ఎల్సా.

"తడుస్తోంది అనుకున్నా."

"ఇంకా?"

"అంతే."

"దీన్ని తప్పనడానికి నాకు నోరు రావట్లేదు. మీలో ఎవరికైనా వస్తే అనండి," అంది ఆమె. లావుపాటాయన తన కుర్చీ జరుపుకుని అనీబాల్ పక్కన వేసుకున్నాడు.

మార్చిలో ఫెల్మన్ ఎండకు నల్లబడి వచ్చాడు. అక్కడెందుకు తెంపారని అనీబాల్ అడిగితే, "మీరు చెప్పాల్సింది ఇంకా ఉందనిపించింది" అన్నాడట. ఉందనిపిస్తే ఆగి వినాలి గానీ తలుపు తీస్తారా? ఆయన చేసింది మంచో చెడో నాకిప్పటికీ తేలలేదు. మెట్లు బాగుచేశాయా, తెంపడమా, ఆ "తర్వాత?" అన్న మాటా అని అనీబాల్‌ని అడిగితే "ఏమో వదినా" అంటాడు.

కాపలా పని తప్పింది. అతను మళ్లీ బండెక్కిన కొత్తలో ఒకరోజు నేను అతని వెనక సీట్లోనే కూర్చున్నాను. వాన పడుతోంది. స్టాపు కాని చోట ఒక ముసలాయన చెయ్యెత్తాడు. అనీబాల్ దాటి పోతాడనే అనుకున్నాను. బస్సు పక్కకి తిరగకుండా నడి రోడ్డు మీదే, నత్తనడకన పోయి, ఆగింది. అనీబాల్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అక్కడే ఉండు పెద్దాయనా. దిగొద్దు. నేనే వస్తున్నా."

సీటు దిగి, వానలో నడిచి వెళ్లి, ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆలస్యమవుతోందని వెనకెవరో గొణిగారు. నేను లేచి నోరు మూసుకోమన్నాను.