‘ఎక్సర్‌సైజ్’ అనే మాట లేని సందేశం

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడాది, మార్చిలో, తమిళుల పంగుని నెల ఎండలు మొదలైన రోజుల్లో, నన్ను డిప్యుటేషన్ మీద తమిళనాడులోని ధర్మపురికి పంపించారు. అప్పుడు నేను పోలీసు వైర్‌లెస్ విభాగంలో ఇన్‌స్పెక్టర్‌ని. ఊరి బయట ఒక ఇంజినీరింగ్ కాలేజీలో, విపత్తుల సమయంలో రేడియో సమాచారం నడిపే పద్ధతుల మీద అంతర్జాతీయ శిక్షణ జరుగుతోంది. నా పని నెట్ కంట్రోల్. అంటే ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉన్న స్టేషన్లలో ఎవరు ఎప్పుడు మాట్లాడాలో చెప్పే స్టేషన్‌ను నడపడం. కారిమంగళం పక్క పల్లెలో పుట్టినదాన్ని కనుక ఇక్కడి మనుషులు, దారులు తెలుసునని నన్ను ఎంచుకున్నారు.

శిక్షణకు వచ్చినవాళ్ళలో మడగాస్కర్ దేశపు యువ అధికారి రివో మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. ఏ సందేశం పంపినా వెంటనే ‘స్పష్టంగా వినబడింది’ అనేవాడు. రేడియోలో అన్నీ అంత స్పష్టంగా ఎవరికీ వినబడవు. ఒక రోజు కావాలని ఒక స్టేషన్ సెట్టు ఆపించి, దాని సిగ్నల్ ఎలా ఉందని అతన్ని అడిగాను. ‘బలంగా, స్పష్టంగా ఉంది’ అన్నాడు. మా వృత్తిలో దీన్ని మించిన తప్పు లేదు. ఈ సంగతి కోర్సు డైరెక్టర్ సెల్వరాజ్ గారికి చెప్పాను. ఆయన సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో చేసి రిటైరైన మనిషి. ఇక మీదట ఆ అబ్బాయి చెప్పేది ఏదీ నమ్మవద్దన్నారు.

ఫీల్డ్ డ్రిల్లు రోజున జట్లను జిల్లా నలుమూలలకీ పంపాం. రివోకు బొమ్మిడి దగ్గరి ఒక పల్లె పడింది. అక్కడి రైతులకు మా వాళ్ళ మీద వేరే అనుమానం. యాంటెన్నా స్తంభం చూసి, రోడ్డుకు భూమి కొలవడానికి వచ్చారనుకున్నారు. తమ చేలల్లో పాతనివ్వలేదు. చివరికి రైలు కట్ట పక్కన పోరంబోకు స్థలంలో నిలబెట్టారు.

డ్రిల్లులో ఒక కఠినమైన నియమం ఉంటుంది. పంపే ప్రతి ఉత్తుత్తి సందేశానికీ ముందు, ఇది అభ్యాసమేనని తెలిపే ‘ఎక్సర్‌సైజ్’ అనే మాట మూడుసార్లు పలకాలి. ఆ మాట లేకుండా వస్తే అది నిజమైన ప్రమాదమని అర్థం.

మధ్యాహ్నం భోజనాల వేళ రివో గొంతు వినబడింది. వచ్చీరాని ఇంగ్లీషులో, బావిలో ఇద్దరు మనుషులున్నారు, కదలడం లేదు, డాక్టరును పంపండి అన్నాడు. ‘ఎక్సర్‌సైజ్’ అన్న మాట లేదు. మా ప్రణాళిక ప్రకారం ఆ సమయానికి అతను పంపవలసింది లెవెల్ క్రాసింగ్ దగ్గర బస్సు ప్రమాదం గురించి. అందులో బావి ఊసే లేదు.

“పంపవలసింది మరచిపోయి ఏదో అల్లుతున్నాడు. నిన్నటిదాకా చేసింది అదేగా,” అన్నారు సెల్వరాజ్ గారు.

నాకూ అలాగే తోచింది. అతనికి తోడుగా పంపిన స్థానిక సహాయకుడికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. భోజనం పొట్లాల కోసం బైకు మీద వెళ్ళాడని తర్వాత తెలిసింది. రివో దగ్గర ఇక్కడి సిమ్ లేదు. మాకు మిగిలింది రేడియో ఒక్కటే.

చూసింది వరసగా చెప్పమని, ఆ బావి ఎక్కడుందో చెప్పమని అడిగాను. రివో అన్నాడు: “నాకు అర్థం కాలేదు. దయచేసి మెల్లగా చెప్పండి.”

అన్ని రోజుల్లో అతని నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. కథ అల్లేవాడికి నా ప్రశ్న అర్థం కావలసిన అవసరం లేదు, ఏదో ఒకటి చెప్పేస్తాడు. వీడికి నేను అడిగింది నిజంగా అర్థం కావాలి. అనుమానం పోలేదు గానీ చెయ్యి మాత్రం ఫోను మీదికి వెళ్ళింది. అగ్నిమాపక కేంద్రానికీ అంబులెన్సుకీ ఫోన్ చేసి, సమాచారం ఇంకా నిర్ధారణ కాలేదని స్పష్టంగా చెప్పి, అయినా బొమ్మిడి దగ్గరి ఆ రైలు కట్టకు బయలుదేరమన్నాను.

సెల్వరాజ్ గారి ముఖం ఎర్రబడింది. ఇది ఉత్తుత్తిదని తేలితే జిల్లా యంత్రాంగం మళ్ళీ ఇక్కడ కోర్సుకు అనుమతి ఇవ్వదని, సంజాయిషీ నేనే ఇచ్చుకోవలసి ఉంటుందని అన్నారు. ఇచ్చుకుంటానన్నాను.

తర్వాత రివోకు ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాను. పక్కన ఎవరైనా ఉంటే మైకు వాళ్ళ నోటి దగ్గర పెట్టు, బటన్ నువ్వు నొక్కు. ముందు ఒక ఆడమనిషి ఏడుపు వినబడింది. తమిళంలో పేరడిగాను. తమిళంలోనే మొదలుపెట్టి, రెండో మాటకే ఇంటి తెలుగులో పడిపోయింది ఆవిడ.

“మునెమ్మను మేడం. మా ఆయన బాయిలో పూడు తీసేదానికి, నీళ్ళు తోడే ఇంజిన్ లోపలే పెట్టుకోని దిగినాడు. పిలిస్తే పలకలే. మా మరిది చూసేదానికి పోయినాడు, వాడూ పడిపోయినాడు. ఫోను మా ఆయన జేబులోనే ఉండాది. ఈ నల్లబ్బాయిని చెయ్యి పట్టుకోని లాక్కోనిపోయి చూపించినాను, బాయి ఈ కట్ట పక్కనే ఉండాది...”

అది మా ఇంట్లో మాట్లాడే భాష. దాన్ని మడగాస్కర్ మనిషి అల్లలేడు.

“ఇంజిన్ తిరగతా ఉండాదామ్మా?”

“ఆగిపోయింది. పొగ నిండుకోనుండాది. మా పక్క చేను గోవిందన్న తాడు కట్టుకుంటా ఉండాడు, దిగతానంటా ఉండాడు.”

“దిగనీకు! ఆ పొగలో దిగితే ఆయనా పైకి రాడు. గట్టిగా పట్టుకో. ఫైరుబండి వస్తా ఉండాది.”

ఒక చెవి దగ్గర ఫోనులో అగ్నిమాపక అధికారి, ఇంకో పక్క రేడియోలో మునెమ్మ. ఆయన తమిళంలో చెప్పింది నేను తెలుగులో చెప్పాను. చెట్టుకొమ్మలు నరికి, మోపుగా తాడుకు కట్టి, బావిలోకి దించి పైకీ కిందికీ ఆడించమన్నారు. అలా చేస్తే లోపల గాలి కొంత కదులుతుంది. గోవిందన్న దిగడం మానుకుని ఆ పనిలో పడ్డాడు. రివో బటన్ నొక్కుతూ వదులుతూ అక్కడే నిలబడ్డాడని, అటు నుంచి వచ్చే మాటల మధ్య అతని ఊపిరి వినబడుతూ ఉండడం వల్ల నాకు తెలిసింది.

అగ్నిమాపక సిబ్బంది ముఖానికి మాస్కులు పెట్టుకుని దిగి ఇద్దరినీ పైకి తెచ్చారు. మరిదికి ఊపిరి ఉంది. కొన్నాళ్ళు ధర్మపురి ఆసుపత్రిలో ఉండి ఇంటికి వెళ్ళాడు. మునెమ్మ భర్త దక్కలేదు. ఆమె రైలు కట్ట దగ్గరికి పరుగెత్తేసరికే ప్రాణం పోయి ఉంటుందన్నారు డాక్టర్లు.

సాయంత్రం కాలేజీకి తిరిగి వచ్చాక రివోను కూర్చోబెట్టి, అంతకు ముందు రోజుల్లో విననివి విన్నానని ఎందుకు చెప్పావని అడిగాను. ఇండియా వాళ్ళ ఇంగ్లీషు తనకు సగం అందదని, అందలేదని రెండుసార్లు చెప్పినవాణ్ణి మడగాస్కర్‌లోని తమ ఆఫీసు వాళ్ళు మళ్ళీ ఏ కోర్సుకూ పంపరని చెప్పాడు. అతని మీద నా అనుమానం తప్పు కాదు. అతను నిజంగానే అబద్ధాలు చెప్పాడు. ఆ మధ్యాహ్నం మాత్రం నిజం చెప్పాడు. మూల్యాంకనంలో రెండూ రాశాను. వినకుండా ఇచ్చిన రిపోర్టులకు ఆ విభాగంలో అతనికి మార్కులు వెయ్యలేదు. ప్రమాద సమయంలో చేసిన పనికి పూర్తి మార్కులు వేశాను. సెల్వరాజ్ గారు రెండింటి కిందా సంతకం పెట్టారు.

ఆపరేటర్ నమ్మదగినవాడా కాదా అన్నది ఒక ప్రశ్న. వచ్చిన సందేశం నిజమా కాదా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు తెలిసినంత మాత్రాన రెండోది తేలిపోదు. అనుమానంతో పంపిన బండిని దారి మధ్యలోనైనా వెనక్కి పిలవవచ్చు. పంపని బండికి ఆ వీలు ఉండదు. ఆ తర్వాత నేను తయారు చేసిన డ్రిల్లు నియమాలన్నిటిలో ముందు బండి పంపడం, తర్వాత నిర్ధారించుకోవడం అన్న వరస పెట్టాను.