కుడికాళ్లు లేని ఎండ్రకాయ

రాగిరేకు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇందులో రాసిన ప్రతి అక్షరం నిజం. తెనాలిలో నన్ను ఎరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారని తెలుసు. నవ్వనివ్వండి. నేను రాస్తున్నది మీకోసం.

2022, ఫిబ్రవరి. అప్పటికి నాకు నలభై తొమ్మిదేళ్లు. తెనాలి గంగానమ్మపేటలో ఒక ఎరువుల కొట్టు మీది మేడగది నా స్టూడియో. నా పని ఎచింగ్. రాగిరేకుకి మైనంలాంటి పూత పూసి, సూదితో బొమ్మ గీసి, యాసిడ్‌లో ముంచితే, గీసినచోట మాత్రమే యాసిడ్ రేకును తింటుంది. ఆ గాడుల్లో సిరా కూరి, పైపైన తుడిచి, తడికాగితం పరిచి గట్టిగా నొక్కాలి. చేత్తో అయ్యే నొక్కుడు కాదది. ఎచింగ్ ప్రెస్ ఉండాలి: రెండు ఇనుప రోలర్లు, వాటి మధ్యగా జరిగే బెడ్ అనే ఇనుపబల్ల, తిప్పడానికి పెద్ద చక్రం.

అది నాకు లేదు. రేకులు గోనెసంచిలో వేసుకుని విశాఖపట్నం పోయి, తెలిసినవాళ్ల స్టూడియోలో వాళ్లకు తీరికైనప్పుడు అచ్చు తీసుకునేవాణ్ని. ఆ ఏడు ఆ స్టూడియో కూడా మూతపడింది. ఇరవై రెండు రేకులు కాగితం మొహం చూడకుండా నా మంచం కింద ఉండిపోయాయి. పాత ప్రెస్సు ఒకటి దొరికితే సరే, లేకపోతే కింద కొట్టులో గుమాస్తాగిరీ. కొట్టాయన అప్పటికే నాకు కుర్చీ కూడా చూపించాడు.

ముందు బాపట్ల వెళ్లాను. అక్కడొకాయన "ఎచింగ్ ప్రెస్సు, మంచి కండిషన్" అని ఫొటో పంపాడు. చూస్తే రోలర్లూ ఉన్నాయి, చక్రమూ ఉంది. కొత్తగా వేసిన ఆకుపచ్చ రంగు ఇంకా చేతికి అంటుతోంది. ఎచింగ్ రోలరు అద్దంలా నున్నగా ఉండాలి. దీనికేమో పొడుగునా గాట్లు.

"ఈ గాట్లేంటండీ?"

"గ్రిప్పు సార్. కాగితం జారకుండా."

"కింద ఈ గొట్టం?"

"మిగిలిన సిరా పోవటానికండి."

అప్పుడు చీమలు కనిపించాయి. బారు తీరి రోలరు ఎక్కుతున్నాయి. సిరాకు చీమలు పట్టడం నా సర్వీసులో చూడలేదు. రోలరు మీద వేలు రాసి నాలిక్కి అంటించుకున్నాను. తియ్యగా ఉంది.

"చెరకు రసంలో అల్లం కూడా వేసేవాళ్లా?" అని అడిగాను.

ఆయన ఏమాత్రం తొణకలేదు. "నిమ్మకాయ కూడా సార్" అన్నాడు.

అందువల్ల, మరో నెలకు రేపల్లె నుంచి కబురు వచ్చేసరికి నాకు అనుమానం ముదిరి ఉంది. ఒక డ్రాయింగు మాస్టారు పోయారట. ఆయన భార్య అనసూయమ్మగారు ఆ శనివారానికి ఇల్లు ఖాళీ చేస్తున్నారట. ప్రెస్సును ఎవరికో ఒకరికి ఇచ్చేస్తారట. అయస్కాంతం, భూతద్దం, నాలుగు కాగితాలు సంచిలో వేసుకుని రైలెక్కాను.

ఆవిడకు డెబ్బై దాటి ఉంటాయి. తలుపు సగమే తీసి, నన్ను చెప్పుల నుంచి పైకి చదువుకుంటూ వచ్చింది. ప్రెస్సు వెనక వసారాలో ఉంది, మీద దుప్పటి కప్పి. ఇనుముకి దుప్పటెందుకు? అక్కడే నాకు మొదటి అనుమానం.

"ఎంత బరువుంటుంది పిన్నిగారూ?" అన్నాను.

ఆవిడ మొహం మాడిపోయింది. "బరువు నీకెందుకు?"

బరువు దాస్తోందంటే ఎక్కడో విరిగి అతుకు వేసుంటారు. అది నా రెండో అనుమానం.

"నాది మేడగదండి. స్లాబు ఆగుతుందో లేదోనని."

"మొన్న వచ్చినాయన కూడా ముందు బరువే అడిగాడు. కాటా కూడా తెచ్చుకున్నాడు. నువ్వేం చేస్తావయ్యా అంటే, బొమ్మలేస్తానన్నాడు. దీంతో ఏం బొమ్మలేస్తావంటే, గోడలకి అన్నాడు!"

నన్ను పాత ఇనుము కొనేవాడి కింద జమకట్టిందన్నమాట. సంగతి తేల్చుకోవడానికి లోపలికి వెళ్లి, పాత చీరముక్కలో చుట్టిన రాగిరేకు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మాస్టారు గీసిన రేకిది. ఒక్క అచ్చు తీసి చూపించు. తర్వాత మాట్లాడదాం."

దుప్పటి తీశాను. రోలరు నున్నగానే ఉంది. చీమల కోసం కూడా చూశాను, లేవు. మాస్టారి సిరా డబ్బాలో పైన కట్టిన పెచ్చును మీగడలా తీసేసి, లోపలి సిరా రేకుకి పట్టించాను. గంజి పెట్టిన పల్చటి గుడ్డతో తుడిచి, చివరికి అరచేతి అంచుతో తుడిచాను. ఆవిడ పరీక్ష హాల్లో ఇన్విజిలేటరులా నా చేతుల్నే చూస్తోంది. తడికాగితం పరిచి, పైన బ్లాంకెట్లు, అంటే ఒత్తిడి సమంగా పడటానికి వేసే మందపాటి ఉన్నిగుడ్డలు కప్పి, చక్రం తిప్పాను. వెన్నలా తిరిగింది. అంత సులువుగా తిరగడం మూడో అనుమానం.

కాగితం ఎత్తాను. నిజాంపట్నం ఎండ్రకాయ. ఎడమ కొండీ, ఎడమ కాళ్లూ నల్లగా నిగనిగలాడుతున్నాయి. కుడిపక్క మాత్రం ఎవరో వండుకుని తినేసినట్టు ఖాళీ.

అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి. కాగితం మీద కుడివైపు పోయిందంటే మిషన్‌లో ఎడమవైపు ఒత్తిడి లేదు. రోలరు రెండు చివర్లా దాన్ని కిందికి అదిమే ప్రెషర్ స్క్రూలుంటాయి. నేను చిరునవ్వు నవ్వి, "ఆ స్పానరు ఇలా ఇవ్వండి పిన్నిగారూ" అన్నాను. ఎడమ స్క్రూ రెండు చుట్లు బిగించాను. రెండో కాగితంలోకి ఎండ్రకాయ పది కాళ్లతోనూ నడిచొచ్చింది.

"నిన్న నేనే వదులు చేశాను బాబూ" అంది ఆవిడ, ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని. "పనివాడికైతే పట్టింపు ఉంటుంది. పాత ఇనుమువాడికి కాళ్లు ఎన్నుంటే ఏంటి? మాస్టారు గీసేవారు. ముప్ఫయ్యేళ్లు ఈ చక్రం తిప్పింది నేను. దీన్ని సమ్మెటతో బద్దలు కొడుతుంటే వింటూ కూర్చోమంటావా?"

శుక్రవారం ప్రెస్సును ట్రాలీ ఆటోలో ఎక్కించాం. జంపని దగ్గర గతుకులో ఆటో ముందుచక్రం గాల్లోకి లేచి, కిందికి దిగనని మొరాయించింది. డ్రైవరు నన్నూ దారిన పోయే ఇద్దరినీ ముందు కూర్చోబెట్టుకున్నాకే బండి నేల మీదికొచ్చింది. మంచం కింది రేకులు ఇరవై రెండూ ఆ వేసవిలోనే అచ్చయ్యాయి. ఎరువుల కొట్టాయన మాత్రం ఇప్పటికీ పైకి చూసి, కుర్చీ పక్కకు జరుపుకుని మరీ కూర్చుంటాడు.

ప్రమాణం చేశాను కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి. ఇందులో ఒకచోట కల్పించాను. చెరకు మిషన్ అనుకుంటున్నారు కదూ? అది చీమలతో సహా నిజం. ఆటో చక్రం కూడా లేచింది, కాస్త తక్కువ ఎత్తుకి.

నేను కల్పించింది ఆ చిరునవ్వు. సగం ఎండ్రకాయను చూసి నేను స్పానరు అడగలేదు. "రోలరు వంగిందని తెలిసే కదా దుప్పటి కప్పారు? మాస్టారి పేరు చెప్పి మోసం చేస్తారా?" అని, ఇల్లు ఖాళీ చేస్తున్న ఆ పెద్దావిడ మీద అరిచాను. సంచి భుజాన వేసుకుని గేటు దాకా వెళ్లాను. ఆవిడ స్పానరు పట్టుకుని వెనకాలే వచ్చింది.

"అచ్చు చెడితే ఇంత కోపం వచ్చిందంటే పనివాడివేలే" అంది. "కాటా ఆయనకైతే కోపం రాదు. రా, వచ్చి ఎడమ స్క్రూ బిగించు."

ఏ స్క్రూనో కూడా ఆవిడే చెప్పాల్సి వచ్చింది. ఆ సగం ఎండ్రకాయ ఇప్పుడు ఫ్రేములో, ప్రెస్సు పైన గోడకి ఉంది. అచ్చు చెడిన రోజున రోలరునీ, మనుషులనీ అనబోయే ముందు దాన్ని చూసి స్క్రూలు తడుముకుంటాను. మొదట ఎడమది.