అక్క అడిగిన రంగు

మా బావ మొండిఘటం. అక్క పోయి ఏడాది తిరగకముందే షెడ్డులో తుప్పుపడుతున్న పాత జీపును బయటికి లాగాడు. పైకప్పు కోయించాడు, వెడల్పు టైర్లు వేయించాడు, ఇంజను మార్పించాడు. గోదావరిఖని కుర్రాళ్లు ఆగి ఫోటోలు తీసుకునేంత సోకు చేశాడు. రంగు మాత్రం పెళ్లినాటిదే కావాలన్నాడు. బావ వాళ్ల నాన్న అప్పట్లో కొత్తగా కొన్న ఆ జీపులోనే అక్కను చర్చి నుంచి క్వార్టరుకు తెచ్చుకున్నాడు. తొలి వర్ధంతి ప్రార్థనకు దాన్ని అదే రంగులో సమాధుల తోటకు తీసుకుపోవాలి. ఆయన కోరికంతా అదే.

అది బూడిద రంగని బావ వాదన. నాకూ అలాగే గుర్తు. మా దగ్గర ప్రతి క్రిస్మస్‌కు ఇంటికి సున్నం, జీపుకు ఒక కోటింగు పడాల్సిందే. ఓపెన్‌కాస్టు బొగ్గు గని పక్కన కాపురం, పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ బొగ్గు దుమ్ము. అందుకని బావ పెయింటరుకు దుమ్ము పట్టిన బానెట్టునే చూపించి, దానికి కలిసిపోయే రంగు కలపమనేవాడు. మురికి కనపడదని ఆయన తెలివి, ఏం తెలివో! మరుసటి ఏడు ఆ రంగు మీద మళ్లీ దుమ్ము, దానికి తగ్గట్టు ఇంకాస్త ముదురు రంగు.

అక్కకు అది అస్సలు నచ్చేది కాదు. పండగ ముందు ఒక్కసారి పాత రంగు వేయించమని నెత్తీనోరూ కొట్టుకునేది. ఈ బొగ్గులో ఆ షోకులెందుకని బావ నవ్వేసేవాడు. ఆమె మూతి ముడుచుకుని వంటింట్లోకి పోయేది.

ఈసారి పెయింటరు తలుపు మీద అరచేతి మేర గరుకు కాగితంతో రుద్దాడు. ఉల్లిపొరల్లా ఒకదాని కింద ఒకటి రంగులు బయటపడ్డాయి. నలుపు, సీసం రంగు, ఆ తర్వాత బూడిద. బావ అక్కడ ఆపమన్నాడు. ఇనుము ఇంకా తగల్లేదని పెయింటరు మరికాస్త రుద్దాడు. అడుగున లేత పిస్తా రంగు తేలింది. ఈ తలుపు మన జీపుది కాదని బావ కొట్టిపారేశాడు. దుమ్మూ ఎండా తగలని డ్యాష్‌బోర్డు లోపల టార్చి వేసి చూశాం. అక్కడా పిస్తా రంగే.

బావ తలుపు దగ్గరికి వచ్చి ఆ పిస్తా రంగును వేలితో తడిమాడు.

"పెండ్లిల గిదే ఉండె. మీ అక్కకు యాదికుంది, నేనే మర్చిపోయిన," అన్నాడు. "ఒక్క పండుగకన్న ఏపిస్తే అయిపోతుండె గదరా."

నాకు ఒళ్లు మండింది. అక్క ఎన్నిసార్లు మొత్తుకుందో గుర్తు చేద్దామని నోరు తెరిచాను. ఆయన ముఖం చూసి టార్చి ఆర్పేశాను.

పిస్తా రంగే వేయించాడు. వర్ధంతి రోజు జీపును సమాధుల తోట గేటు దగ్గర నిలిపాం. వచ్చినవాళ్లంతా దాన్ని చూసి ఎంత బాగుందో అన్నారు. ప్రార్థన అయ్యాక పోయినవాళ్ల గురించి సాక్ష్యం చెప్పడం మా ఆనవాయితీ. అక్క మంచితనం గురించి నలుగురూ నాలుగు మాటలు చెప్పారు. చివరికి పాస్టరుగారు బావను పిలిచారు. ఆయన లేచి సమాధి పక్కన నిలబడ్డాడు.

"ఆమె నన్ను అడిగింది గా రంగొక్కటే," అన్నాడు. "అడిగినన్ని రోజులు ఎయ్యలే. పోయినంక ఏసిన."

వచ్చి నా పక్కన కూర్చున్నాడు.