సఫారీలో అరటిపండు

నోట్ల రద్దుకు ముందటి ఏడాది విజయనగరంలోని ఒక టూర్ కంపెనీ ద్వారా మేము కెన్యా సఫారీకి వెళ్లాము. జంతువులకు ఏదీ పెట్టరాదని మా వెంట వచ్చిన కంపెనీ మేనేజరు ఉదయమే హెచ్చరించాడు. అయినా, గజపతినగరంలో వ్యవసాయం చేసుకునే మా బావమరిది, పొట్టకు పిల్లను కరుచుకుని వచ్చిన ఒక ఆడ కోతికి చేతులు జోడించాడు.

“రామతీర్తం గుడికాడ పెట్టట్లేదేటి బావా? ఆంజనేయసామికి పండు పెడితే తప్పేటి?” అంటూ వాహనం కిటికీలోంచి అరటిపండు అందించాడు.

అది మరో పండు కోసం లోపలికి దూకి, ముందు సీటులో కూర్చున్న ఒకావిడ చేయి కొరికింది. వెంట ఉన్న అటవీ రక్షకుడు దానిని బయటికి తరిమి, మనిషిని కరిచినదానిని వదలరాదంటూ కాల్చివేశాడు.

“మరి పిల్లనేటి సేస్తారు బాబూ?” అని అడిగాడు బావమరిది.

“ఏమీ చెయ్యరండి. సాయంత్రానికి హైనాలు తినేస్తాయి. భోజనాలకు పదండి,” అన్నాడు మేనేజరు.

వాహనం కదిలినా ఆ పిల్ల తల్లిని వదలలేదు. నియమం మీరిన భక్తి ఎంతటి క్రూరత్వమో ఆనాడు కళ్లారా చూశాను.