వేలంగట్టు మీద సుందరమ్మ మాట

నేను భయస్తురాలిని. ఈ బ్లాగు చదివేవాళ్లకి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఘాట్ రోడ్డు మీద కిటికీ పక్కన కూర్చోను, పడవ కదిలితే కళ్లు మూసుకుంటాను, కొత్త ఊళ్లో హోటలు గది తలుపు రెండుసార్లు లాగి చూస్తాను. అలాంటి నేను మొన్న జూన్‌లో, చేపల వేట నిషేధం ముగిసే ముందు రోజు, జువ్వలదిన్నె దాటి సముద్రపు ఒడ్డుకు వెళ్లడానికి కారణం మా మేనత్త రూతమ్మ చేసిన ఫోను. "ఈ ఏడు మాట చెప్పేది నేనేమే. బిందె పట్టుకోను మనింటి ఆడపిల్ల ఉండాల. రాకపోయినావా, ఇంక మా ఇంటి గడప తొక్కబాక" అని పెట్టేసింది. మా అత్త బెదిరిస్తే అది పిలిచినట్టే.

మాట అంటే ఏమిటో ముందు చెప్పాలి. అత్త చిన్నపిల్లగా ఉన్నప్పుడు, ఒడ్డున చేపలు వేలం వేసేచోట మా పల్లె ఆడవాళ్లు, అంటే దళితవాడ వాళ్లు, విడిగా ఎండలో ఇసుక మీద నిలబడాల్సి వచ్చేది. అందరూ కొనుక్కున్నాక మిగిలిందే వీళ్ల గంపల్లోకి వచ్చేది. గంపకి గంప తగలకూడదు. వీళ్లని పేరు పెట్టి పిలిచేవాళ్లు కారు, "ఏమే, పక్కకి" అనేవాళ్లు. ఒకరోజు సుందరమ్మ అనే ఆమె గంప కింద పెట్టి వేలంగట్టు ఎక్కి మాట్లాడింది. మనుషులంతా సమానమని, తను వరసలోనే నిలబడతానని చెప్పింది. సగంలో గొంతు ఎండిపోయి నీళ్లడిగితే ఎవరూ కదల్లేదు. చాలాసేపటికి పాలెం నుంచి, అంటే చేపలు పట్టేవాళ్ల వైపు నుంచి, ఒకామె బిందెతో వచ్చి నీళ్లు పోసింది. పోసి ఊరుకోకుండా తనూ గట్టెక్కి, తన పేరు చెప్పి, "ఈమె వెనకాల నేను నిలబడతా" అంది. ఆనాటి నుంచి వేలం దగ్గర వరస ఒకటే అయింది.

ఇప్పటికీ ఏటా, పడవలు మళ్లీ సముద్రంలోకి దిగే ముందు సాయంత్రం, ఎవరో ఒకరు ఆ గట్టెక్కి ఆ మాట చెప్తారు. చెప్పేవాళ్లు సుందరమ్మ పేరు కాకుండా తమ పేరు, తమ నాయన పేరు, తాము పుట్టిన పల్లె పేరు చెప్పాలి. పక్కన ఒకరు నీళ్ల బిందె పట్టుకుంటారు. మాట పూర్తయ్యాకే నీళ్లివ్వాలి. ముందే ఇచ్చారంటే మిగతా మాట వాళ్లది. వాళ్లు గట్టెక్కి తమ పేరుతో మొదలుపెట్టి ముగించాలి.

నా భయం అక్కడే ఉంది. మేము నెల్లూరులో అద్దెకుంటున్నాం. మా ఆయన ముత్తుకూరు దగ్గర కరెంటు ప్లాంటులో షిఫ్టుల మీద పనిచేస్తాడు, వారంలో సగం రోజులు ఇంట్లో ఉండడు. ఈ ఇంటికి ముందు చాలా ఇళ్లు చూశాం. అన్ని చోట్లా "మీదే ఊరు? మీ వాళ్లెవరు?" దగ్గర ఆగిపోయేది. మేము చెప్పగానే ఆ ఇంటికి అమెరికా నుంచి కొడుకో, అన్నగారి కుటుంబమో హఠాత్తుగా వచ్చిపడేది. ఇప్పుడుంటున్న ఇంటి యజమాని విజయక్క దగ్గర మాత్రం ఆ ప్రశ్న రాకముందే అడ్వాన్సు చేతులు మారిపోయింది. నేను చెప్పుకునే మణి అనే పేరుకి ఒక సౌకర్యం ఉంది, ఏ ఇంట్లోనైనా ఇమిడిపోతుంది. పాప బడి ఆ వీధి చివరే. విజయక్క తమ్ముడు శీనయ్యకి జువ్వలదిన్నె దగ్గర రొయ్యల గుంటలున్నాయి. ఆయన ఆ ఒడ్డున తిరుగుతూనే ఉంటాడు. నేనెవరో ఆయన చెవిన పడితే మా సామాను వీధిలో ఉంటుందని తెలుసు.

పొద్దున ఆరున్నరకి నెల్లూరు బస్టాండులో కావలి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్లకి టికెట్ డబ్బుల్లేవు గానీ ఆధార్ చూపించాలి. కండక్టరు వచ్చేసరికి నా బొటనవేలు దానంతటదే పూర్తి పేరు మీదికి వెళ్లింది. ఆయన ఫొటో మాత్రం చూసి సున్నా టికెట్ చించి ఇచ్చాడు. కావలి చేరడానికి గంటన్నర లోపే పట్టింది. బస్టాండు ఎదురుగా కారం దోశ, టీ కలిపి డెబ్బై రూపాయలు. దోశ బాగుంది. నాకు సగం కూడా దిగలేదు.

కావలి నుంచి జువ్వలదిన్నె వైపు షేర్ ఆటోలు దొరుకుతాయి. మనిషికి యాభై తీసుకున్నాడు. నిండేదాకా కదలడు కాబట్టి అరగంట చేతిలో పెట్టుకోండి. రొయ్యల గుంటల్లో చక్రాలు నీళ్లు చిమ్ముతున్నాయి, గాలిలో ఉప్పు, మేత వాసన. మిగతావాళ్లు దిగిపోయాక డ్రైవరు అద్దంలోంచి చూశాడు.

"ఎవురింటికి పోవాలక్కా?"

"ఒడ్డు దాకా పోనీ అన్నా."

"ఒడ్డంటే ఏ పక్క? పాలెం పక్కా, పల్లె పక్కా?"

ఆ ప్రశ్నకి అర్థం నాకు తెలుసు, నాకు తెలుసని అతనికీ తెలుసు. చర్చి దగ్గర ఆపమన్నాను. అతను ఆపి, చిల్లర చేతిలో పెడుతూ, "మాట వినను వచ్చినారా? నేనూ వస్తా సాయంత్రం. మా అమ్మ చెప్పింది ఒక ఏడు" అన్నాడు. ఏ పక్కవాడో నేను అడగలేదు.

అత్త ఇంట్లో మధ్యాహ్నం సొరచేపతో చేసిన సొరపుట్టు, అన్నం. ఆమె ఒక ముద్ద తిని కంచం జరిపేసింది. పోయిన ఏడు మాట చెప్పినామె ఇంటి ముందు ఆరేసిన వలని తెల్లారేసరికి ఎవరో ముక్కలుగా కోసేశారట. ఎవరో తేలలేదు.

"ఇంక ఎందుకా పాత మాట, అందరం కలిసే ఉండాం గదా అంటుండారు కొందరు" అంది అత్త. "కలిసుంటే వినను ఏం నొప్పి?"

"మానేస్తే పోలా అత్తా?"

"నేను మానేస్తే వచ్చే ఏడు ఎవురెక్కతారు?" అని, నా చేతిలో ఇత్తడి బిందె పెట్టింది. "నాకు ఆయాసం ఉండాది. దగ్గొస్తే రానీ. నువ్వు మాత్రం ఆఖరుదాకా నీళ్లు ఇయ్యబాక."

నాలుగున్నరకి గట్టు దగ్గరికి వెళ్లాం. కొత్త హార్బరుకి ఎడంగా ఉన్న పాత సిమెంటు గట్టు అది. జనం బాగానే ఉన్నారు. పడవల్లోకి ఐసు ఎత్తుతున్నవాళ్లు కూడా చేతులు దులుపుకుని వచ్చారు. వెనక కొందరు కుర్రకారు బైకుల మీద కూర్చుని ఉన్నారు, వాళ్లు ఎందుకొచ్చారో తెలియదు. బిందె ఎత్తుకుని ముందుకు వెళ్తుంటే ఎవరో పలకరించారు.

"ఏం మణిగారూ, మీరిక్కడ?"

శీనయ్య. చేతిలో ఫోను, వీడియో తీస్తున్నాడు. "తెలిసినవాళ్లు రమ్మంటే…" అన్నాను. ఆయన చూపు బిందె మీదికి వెళ్లింది. ఇంకేదో అడగబోయాడు గానీ అప్పటికే అత్త గట్టెక్కింది.

"నేను రూతమ్మని. మా నాయన యోసేబు. నేను పుట్టింది తాటిదిబ్బ పల్లె" అని మొదలుపెట్టింది. జనం సద్దుమణిగారు. "సముద్రం ఎవురి కాలు ముందు తడపాల్నో అడగలా. వల లాగిన చెయ్యి ఎవురిదో చేపకి తెలవదు. మీకు మటుకు ఎందుకు తెలియాల?" చిన్నప్పుడు సెలవులకి వచ్చినప్పుడు మంచం మీద పడుకుని విన్న మాటలే ఇవి. పెద్దయ్యాక ఆ గట్టు కింద నిలబడి వింటే ఒళ్లు జలదరించింది.

బైకుల దగ్గర ఎవరో ఈల వేశారు. అత్త ఒక్క క్షణం తడబడింది. గాలి పీల్చుకోబోతే దగ్గొచ్చింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చి ఆగలేదు. ముఖం కందిపోయింది, చెయ్యి గట్టు అంచు కోసం వెతుకుతోంది. నేను ఏమీ ఆలోచించలేదు. గ్లాసు ముంచి ఆమె నోటికి పెట్టాను.

ఆమె తాగాక గానీ నేను చేసిన పని నాకు తెలియలేదు. అందరూ నా వైపే చూస్తున్నారు. వెనక నుంచి ఒక ముసలామె, "నీళ్లందించినావు గదమ్మా. ఎక్కు" అంది, కోపంగా కాదు, ఇది నీ వంతు అన్నట్టుగా. శీనయ్య ఫోను నా ముఖం వైపు తిరిగింది. పాప బడి, ఆరేసిన బట్టలు, విజయక్క ఇచ్చిన ఊరగాయ జాడీ, ఇంటింటికీ తిరిగి అడగడం అన్నీ ఒకేసారి కళ్ల ముందుకొచ్చాయి. పారిపోదామనిపించింది, నిజంగా. అత్త మాత్రం మెట్టు మీద కూర్చుని, ఇంకా ఆయాసపడుతూ, నా కొంగు వదిలేసింది. అప్పటిదాకా పట్టుకుని ఉందని కూడా నాకు తెలియదు.

ఎక్కాను.

"నేను మేరీమణిని. మా నాయన దానియేలు. మావాళ్లది తాటిదిబ్బ పల్లె. నేను పక్కన నిలబడను. వరసలో నిలబడతా. నన్ను పక్కకి పొమ్మనేవాళ్లు నా పేరు పెట్టి పిలిచి, ఎందుకో చెప్పి, అప్పుడు పొమ్మనండి."

అంతే, సుందరమ్మ మాట అక్కడితో అయిపోతుంది. చప్పట్లు కొట్టడం ఉండదు. ఒక్కొక్కరూ వచ్చి అదే బిందెలో, అదే గ్లాసుతో నీళ్లు తాగి వెళ్తారు. ఆటో డ్రైవరు వచ్చి తాగాడు. ఈల వేసిన గుంపులోంచి ఒకడు వచ్చాడు, మిగతావాళ్లు రాలేదు. శీనయ్య రాలేదు. ఫోను జేబులో పెట్టుకుని కారెక్కాడు. చివరి షేర్ ఆటోలో కావలికి, అక్కడి నుంచి నెల్లూరికి వచ్చేశాను.

రెండు రోజుల తర్వాత పాపని బడికి తీసుకెళ్తుంటే విజయక్క మెట్ల దగ్గర నిలబడి ఉంది. "మణీ, మా తమ్ముడు వీడియో చూపించినాడు" అంది. "ఊర్నుంచి మావాళ్లొస్తుండారు. ఇల్లు మాకే కావాల్సొస్తాది. వేరే చూసుకోండి" అంది. ఇదే మాట ఇదివరకు ఎన్ని గుమ్మాల్లో విన్నానో. ప్రతిసారీ సరేనండీ అని తల వంచుకుని వచ్చేసినదాన్నే. ఆరోజు మెట్ల కమ్మీ పట్టుకుని అన్నాను: "అక్కా, నా పేరు మేరీమణి. నన్ను పొమ్మనాలంటే ఆ పేరు పెట్టి పిలిచి, ఎందుకో మీ నోటితో చెప్పి పొమ్మనండి."

ఆమె నా వైపు, పాప వైపు, తీగ మీది బట్టల వైపు చూసింది. చివరికి "పాపకి బడి టైమవతా ఉంది, పోండి" అని లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. రేపు ఎత్తవచ్చు. మెట్ల మీద అడుగుల చప్పుడైతే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. సుందరమ్మ మాట నా భయాన్ని పోగొట్టలేదు. గట్టు మీద నిలబడిన రోజు ఆమెకూ భయం వేసే ఉంటుంది, గొంతు ఊరికే ఎండిపోదు కదా. ఇన్నేళ్ల తర్వాత, ఒడ్డుకి ఇంత దూరంలో, ఒక అద్దె ఇంటి మెట్ల మీద ఆమె మాట ఒక మనిషి నోరు ఆపగలిగింది. నేను ఆ ఇంట్లోనే కూర్చుని ఇది రాస్తున్నాను.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క సూచన. తిరుగు ఆటోలు చీకటి పడితే ఉండవు కాబట్టి నీళ్లు తాగగానే బయల్దేరండి. ఎవరైనా బిందె పట్టుకోమని అడిగితే మాత్రం, ఒప్పుకునే ముందు ఇంట్లో ఒకసారి మీ పేరు, మీ నాయన పేరు, మీ ఊరు పైకి గట్టిగా చెప్పి చూసుకోండి. నేను ఇన్నాళ్లూ ఈ బ్లాగు కింద మణి అని మాత్రమే రాస్తూ వచ్చాను.

— మేరీమణి, దానియేలు కూతురు, తాటిదిబ్బ పల్లె