దా, మెడెయిన్ పోయొద్దాం

పరమేశ్వర్‌కు ఒంటరిగా ఎక్కడికీ వెళ్లడం రాదు. రాదంటే నిజంగానే రాదు, కొందరికి ఈత రానట్టు, కొందరికి ఈల వేయడం రానట్టు. గుమ్మం దాటుతూనే ఎవరు ఎదురుపడితే వాళ్లను "దా, పోయొద్దాం" అంటాడు. ఎక్కడికన్నది తర్వాతి సంగతి. ఒకసారి పళ్ల డాక్టరు దగ్గరికి పోతూ పాలు పోసే ఆయన్ని వెంటబెట్టుకుపోయాడు. పరమేశ్వర్ పన్ను పీకుతుంటే చూసి పాలాయన కళ్లు తిరిగి పడిపోయాడు. డాక్టరు పన్ను సగంలో ఆపి, ముందు పాలాయన ముఖం మీద నీళ్లు చల్లాల్సి వచ్చింది.

సూరత్ పక్కన, సచిన్ దగ్గరున్న ఉన్‌లో తెలంగాణ నుంచి వలస వచ్చిన మగ్గాల మనుషుల గల్లీ ఒకటుంది. ఆ గల్లీలో అందరికీ ఈ సంగతి తమాషా, ఒక్క అతని భార్య కొమురవ్వకు తప్ప. పెళ్లైన కొత్తలో డుమస్ సముద్రం చూపిస్తానన్నాడు. ఆమె కొత్త చీర కట్టుకుని, కొప్పులో పూలు పెట్టుకుని బయటికి వచ్చేసరికి ఆటోలో అప్పటికే అయిదుగురు ఇరుక్కుని కూర్చున్నారు. అందులో ఇద్దరెవరో పరమేశ్వర్‌కు కూడా తెలియదు. ఆ రోజు కొమురవ్వ సముద్రాన్ని చూసింది తక్కువ, గల్లీ మొదట్లో టీ బండి నడిపే ఆగయ్య వీపును చూసింది ఎక్కువ.

పెళ్లిరోజున సినిమాకు వెళ్లినా అంతే. తిరుపతి వెళ్లినా అంతే. మొగుడూ పెళ్లాలు ఇద్దరే పక్కపక్కన కూర్చుని ఎక్కడికైనా వెళ్లడమన్నది కొమురవ్వ టీవీలో చూడటమే గాని ఎరగదు.

పరమేశ్వర్ మగ్గాలు బిగిస్తాడు, మొరాయిస్తే బాగుచేస్తాడు. మగ్గాలు నడిపే కారీగర్లు అతన్ని మాస్టర్ అంటారు. అతని సేఠ్ ఆ మధ్య కొన్ని మగ్గాలను దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశానికి అమ్మాడు. అక్కడ మెడెయిన్ అని ఒక పెద్ద నగరం ఉంది. అదీ సూరత్‌లాగే బట్టల మిల్లులకు పేరున్న ఊరు. మగ్గాలు ఓడెక్కాయి. వాటిని అక్కడ బిగించి, నడిపించి రావడానికి పరమేశ్వర్ ఒక నెల వెళ్లిరావాలి.

"భీల్వాడా పంపిస్తే తిండి పడక సగం మనిషివై వచ్చావు. ఈసారి భాభీని కూడా తీసుకుపో," అన్నాడు సేఠ్.

ఆ మాట చెవిన పడగానే కొమురవ్వ నవ్వు దాచుకోవడానికి వంటింట్లోకి వెళ్లింది. రెండే టికెట్లు. విమానంలో మూడో మనిషిని ఇరికించడం ఆ మహానుభావుడి వల్ల కూడా కాదు.

సాయంత్రానికల్లా గల్లీ మొత్తానికి పిలుపులు అందాయి.

"ఆగన్నా, మెడెలైన్ పోతున్న. దా, పోయొద్దాం."

"ఏ లైను? ఉధ్నా లైనా?"

"కాదే. దూరం. సముద్రాలు దాటాలె."

"టీ బండి ఎవరు చూస్కుంటరు మరి?" అన్నాడు ఆగయ్య. అదొక్కటే అడ్డమన్నట్టు.

కాలేజీ చదివే కూతురు నీరజ తండ్రికి ఊరి పేరు నేర్పాలని చూసింది. "రాసుడు మెడెల్లిన్, పల్కుడు మెడెయిన్, నాయినా."

"అదే గద నేన్జెప్తున్నది. మెడిసిన్."

మూడో ఇంట్లో ఉండే బుచ్చవ్వకు కళ్లూ చెవులూ రెండూ అంతంతమాత్రమే. ఆమెకు ఆ పేరు ఇంకో రకంగా వినిపించింది. "మేడారం పోతున్నవా కొడుకా? నేను గూడ వస్త. సమ్మక్క తల్లికి బెల్లం మొక్కు ఎన్నేండ్ల సందో ఉండిపాయె."

"దా అవ్వా. పోదాం," అన్నాడు పరమేశ్వర్, ఏమాత్రం తడుముకోకుండా.

ఆనాటి నుంచి గల్లీలో ఆ నగరం పేరు మేడారం అయిపోయింది. కొమురవ్వ మాత్రం ఒక సంగతి గమనించింది. పాలాయన్ని పిలిచాడు. ఇస్త్రీ ఆయన్ని పిలిచాడు. కరెంటు మీటరు చూడటానికి వచ్చిన గుజరాతీ మనిషిని కూడా పిలిచాడు. తనను మాత్రం ఇంతవరకు ఒక్కసారి కూడా "దా" అనలేదు.

పాస్‌పోర్టు విచారణకు పోలీస్ స్టేషన్‌కు రమ్మంటే ముగ్గురిని వెంటేసుకుపోయాడు. "ఇందులో నేరం చేసింది ఎవరు?" అని అడిగాడట హవల్దారు.

ఆదివారాలు పరమేశ్వర్ ఇంటి ముందు ప్రయాణం గురించి సభ జరిగేది. వెళ్లేది ఇద్దరు, ఏర్పాట్లు మాత్రం పదిమందివి. నీరజ ఫోనులో వీడియోలు చూపించేది. చుట్టూ కొండలు, మధ్యలో గిన్నెలో పోసినట్టు నగరం. ఇళ్ల కప్పుల మీదుగా తీగకు వేలాడుతూ పోయే డబ్బాల్లో జనం. కొండవాలు బస్తీలోకి ఎక్కడానికి వాటంతటవే కదిలే మెట్లు. వీధిలో బాజాలు, ముసలీ ముతకా అంతా చిందులు.

"ఏం పండుగ బిడ్డా?" అంది బుచ్చవ్వ, ఫోనును ముక్కుకు ఆనించుకుని.

"పండుగ గాదవ్వా. శుక్రవారం."

"తినుడు ఎట్లనో," అని ఆగయ్య దిగులుపడ్డాడు.

"మక్కపిండి రొట్టెలు చేస్తరంట. అరేపా అంటరు. అన్నం, పప్పుగింజలు గూడ దొరుకుతయి."

"మక్కరొట్టె తినేటోల్లా? అయితె మనోల్లే," అని బుచ్చవ్వ తేల్చేసింది.

"ఆడ ఎండకాలం లేదు, చలికాలం లేదంట," అన్నాడు ఆగయ్య. "ఏడాదంత ఒక్కతీరుగనే ఉంటదంట."

అప్పటిదాకా గోడకు ఆనుకుని మూగగా కూర్చున్న దేవదాస్ తల ఎత్తాడు. "మరి కలిసినప్పుడు ఏం మాట్లాడుకుంటరు?"

అందరూ గొల్లున నవ్వారు. దేవదాస్ పరమేశ్వర్‌తో పాటు మగ్గాల మీద పెరిగినవాడు, ఎదురింటి మేడ మీద గదిలో ఉంటాడు. అతను నలుగురిలో నోరు విప్పి చాలా కాలమైంది. పరమేశ్వర్ అందరికంటే గట్టిగా, అందరూ ఆపేశాక కూడా, నవ్వుతూనే ఉన్నాడు. అంత నవ్వాల్సిన మాట ఏముందో కొమురవ్వకు అర్థం కాలేదు.

ఆ ఊళ్లో ఎవరైనా ఆటకు పిలిస్తే కాదనకూడదని నీరజ చెప్పింది. దాంతో పరమేశ్వర్ ఆట నేర్చుకోవడం మొదలుపెట్టాడు. వీడియో చూసుకుంటూ "ఆగన్నా, దా" అని ఆగయ్య చెయ్యి పట్టుకుని గల్లీలో గిర్రున తిప్పాడు. ఆగయ్య తిరుగుతూ తిరుగుతూ పోయి ఇస్త్రీ బట్టల మూటలో కూలబడ్డాడు. గడప మీద నిలబడి కొమురవ్వ అంతా చూసింది. ఆట కూడా ఆగయ్యతోనే.

ఆ దేశం వెళ్లివచ్చే వాళ్లకు ఎల్లో ఫీవర్ టీకా ఉండాలన్నారు. పెళ్లికి పోయినట్టు ఆటో నిండా జనంతో ఆసుపత్రికి వెళ్లారు. "ప్రయాణం చేసేదెవరు?" అని నర్సు గుజరాతీలో అడిగితే ఆగయ్య చెయ్యెత్తాడు, దేవదాస్ చెయ్యెత్తబోయి దించాడు, బుచ్చవ్వ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నర్సు కొమురవ్వ వంక జాలిగా చూసింది.

కొమురవ్వ సూది వేయించుకుని వచ్చేసరికి మొగుడు లేడు. వెతగ్గా వెతగ్గా కళ్ల డాక్టరు వరండాలో బుచ్చవ్వ పక్కన దొరికాడు.

"నీకు భయంలేదవ్వా. నాకే కండ్లు చూపిచ్చుకోవాలంటె గుండె దడదడ అంటది," అంటున్నాడు. "ముందుగాల నువ్వు చూపిచ్చుకో. నీకేమైతలేదని చూసినంక నేను పోత."

"ఛీ, గంత పిరికోనివైతివేంరా," అంటూ బుచ్చవ్వ ధైర్యంగా లోపలికి నడిచింది. ఆమె కళ్లలో పొర ఉందని, ఆపరేషన్ చేస్తే బాగుపడుతుందని డాక్టరు చెప్పాడు. పరమేశ్వర్ తన కళ్లు చూపించుకోకుండానే ఇంటికి వచ్చేశాడు. ఈ మనిషి పనులకు తలా తోకా ఉండదని కొమురవ్వ తల కొట్టుకుంది.

ప్రయాణం దగ్గరపడింది. కొమురవ్వ కొత్త చెప్పులు కొనుక్కుంది. ఇంట్లోనే వాటితో అటూ ఇటూ నడిచి అలవాటు చేసుకుంటుంటే ఆగయ్య టీ ఇవ్వడానికి వచ్చి చల్లగా ఒక మాట అన్నాడు.

"కొమురక్కా, నీ టికెట్ మీద దేవదాస్ పోతుండట గద. మీ ఆయన సేఠ్‌ను అడిగొచ్చిండంట."

కొమురవ్వ చెప్పులు విప్పింది. కొంగు నడుముకు దోపి ఎదురింటి మెట్లెక్కింది.

దేవదాస్ స్టవ్ మీద అన్నం వండుకుంటున్నాడు. అతని భార్య భాగీరథి పోయి ఏడాది దాటింది. పిల్లలు లేరు. అప్పటినుంచి అతను పనికి పోవడం కూడా మానేశాడనే కొమురవ్వకు తెలుసు.

"కూసో వదినె."

"కూసునెతందుకు రాలె. నువ్వు మెడెయిన్ పోతున్నవా?"

దేవదాస్ నవ్వు ఆపుకుందామని చూశాడు గాని కుదరలేదు. "నాకు పాస్‌పోర్టే లేదు వదినె."

"మరి సేఠ్‌ను అడిగిండన్నరు?"

"అడిగిండు. నేను పక్కనే ఉన్న. సేఠ్ దగ్గరికి ఒక్కన్నే పోవాలంటె భయమైతుందని నన్నే తోడు తీస్కపోయిండు." దేవదాస్ మంట తగ్గించాడు. "దేవదాస్‌ను గూడ పంపు సేఠ్, ఇంకో టికెట్ తీయి అన్నడు. సేఠ్ కుదరదన్నడు. గంతగనం కావాలంటె భాభీ బదులు తీస్కపో అన్నడు."

"ఈయనేమన్నడు?"

"'నేను ఊరందర్ని పిలుస్త సేఠ్, ఎవ్వరు రాకున్నా పోత. ఆమె రాకుంటె నేనెట్ల పోత' అన్నడు."

కొమురవ్వ కూర్చుంది.

"అది గాదు వదినె అసలు సంగతి. టికెట్ కుదరదన్నంక సేఠ్‌కు మొకం చిన్నగైంది. అప్పుడు మీ ఆయన మెల్లగ అడిగిండు. 'సరే తియి, నేనొచ్చేదాక నా మగ్గాలన్న దేవదాస్‌కు అప్పజెప్పు' అని. ఒకటి కాదన్నంక రెండోది సేఠ్ ఎట్ల కాదంటడు? సోమారం సంది నేను పనిల ఉన్న."

దేవదాస్ గరిటెతో నాలుగు మెతుకులు తీసి, అన్నం ఉడికిందో లేదో నొక్కి చూశాడు.

"భాగీరథి పోయినంక నేను తలుపేస్కొని పన్నప్పుడు," అన్నాడు దేవదాస్, "ఒకనాడు తలుపు కొట్టిండు. 'కటింగ్ చేయించుకోవాలె, ఒక్కన్నే పోవుడు భయమైతుంది, తోడు రా' అన్నడు. మంగలి దగ్గర భయమేంది వదినె? అబద్ధమని నాకు ఎరుకే. కని భయమైతుందన్నోన్ని ఎట్ల ఒద్దంట? తెల్లారి టమాటల కోసం రమ్మన్నడు. ఆ తెల్లారి బల్బు కోసం. ఇగ దినాం బల్బే."

కొమురవ్వ ఇంట్లో అటక మీద బల్బుల డబ్బాలు గుట్టగా పేరుకుని ఉన్నాయి. ఈయనకు ఇదేం పిచ్చి పట్టిందో అని ఆమె ఏడాదిగా అనుకుంటూనే ఉంది.

"నన్నొక్కన్నే పిలిస్తె జాలితోని పిలిచినట్టు ఉంటదని నలుగుర్ని పిలుస్తడు. ఆ నలుగుర్ల నేనొకన్ని," అన్నాడు దేవదాస్. "టీ తాగుతవా వదినె?"

"తాగుత. చక్కెర ఎక్కువెయ్యి," అంది కొమురవ్వ. కొట్లాటకని నడుముకు దోపుకున్న కొంగు తీసి ముఖం తుడుచుకుంది.

ఇంటికి వచ్చేసరికి పరమేశ్వర్ అద్దం ముందు మంకీ క్యాప్ పెట్టుకుని చూసుకుంటున్నాడు. చలికాలమే లేని ఊరికి ఇదెందుకని ఆమె అడగలేదు.

"ఏమయ్యా. ముంబైదాక రైల్ల ఎవ్వర్ని పిలువద్దు. మనిద్దరమే పోవాలె."

"ఎవ్వర్నీ?"

"ఎవ్వర్నీ."

అతను టోపీ తీసి, బరువైన మగ్గాన్ని ఒక్కడే ఎత్తమన్నట్టు ముఖం పెట్టాడు. "ముంబైదాకనే గద?"

"ముంబైదాకనే."

"సరే."

సూరత్ స్టేషన్‌కు గల్లీ అంతా దిగబడింది. ఆగయ్య ఫ్లాస్కు నిండా టీ తెచ్చాడు. నీరజ చివరి నిమిషం దాకా ఊరి పేరు పలికిస్తూనే ఉంది. ఎల్లుండి బుచ్చవ్వను కంటి ఆపరేషన్‌కు తానే తీసుకుపోతానని దేవదాస్ చెప్పాడు. మేడారం వెళ్లడం అయిదో తేదీకా, పదో తేదీకా అని బుచ్చవ్వ అడుగుతుండగానే రైలు కదిలింది.

కొమురవ్వకు కిటికీ పక్క సీటు దొరికింది. పక్కన మొగుడు. మధ్యలో ఎవరి వీపూ లేదు. ఆమె కాళ్లు చాపుకుని కూర్చుంది. నవ్‌సారి దాటింది. పరమేశ్వర్ మాట ప్రకారం నోరు మూసుకుని, చేతులు కట్టుకుని, పైనున్న ఫ్యాను కేసి చూస్తున్నాడు.

ఎదురు సీట్లో ధోతీ కట్టుకున్న ఒక గుజరాతీ పెద్దాయన ఒళ్లో ఘారీ మిఠాయి పెట్టె పెట్టుకుని కూర్చున్నాడు. కూతురు బోరివలిలో కొత్త ఇంట్లోకి మారిందట. ఆయన ముంబై రావడం ఇదే మొదలు. రైలు ఎక్కడ ఆగినా "బోరివలీ ఆవ్యుం?" అని, బోరివలి వచ్చేసిందేమోనని లేచి నిలబడుతున్నాడు. వల్సాడ్‌లో లేచాడు. సిగ్నల్ కోసం పొలాల మధ్య ఆగితే అప్పుడూ లేచాడు. అంత జనంలో ఎటువైపు దిగాలో, ఎలా దిగాలో అని తనలో తానే గొణుక్కుంటున్నాడు.

వాపి వచ్చేసరికి పరమేశ్వర్ ఫ్యానును వదిలి పెద్దాయన్ని చూడసాగాడు. తర్వాత కొమురవ్వను చూశాడు. నోటితో ఒక్క మాటా అనలేదు. కనుబొమలు మాత్రం పైకి లేచి అక్కడే ఆగిపోయాయి. విమానం రాత్రికి. సాయంత్రందాకా బోలెడంత పొద్దు ఉంది.

కొమురవ్వ చాపిన కాళ్లు దగ్గరికి తీసుకుంది.

"అడుగు," అంది.

పరమేశ్వర్ ముందుకు వంగి, వచ్చీరాని గుజరాతీలో మొదలుపెట్టాడు. "కాకా, మేమూ బోరివలిలోనే దిగాలి. మొదటిసారి. ఆ జనాన్ని తలుచుకుంటే నాకూ మా ఆవిడకూ భయమేస్తోంది. కాస్త తోడు వస్తారా?"

పెద్దాయన ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. మెల్లగా నిటారుగా కూర్చుని, తలపాగా సవరించుకున్నాడు.

"భయపడకండి. నా వెనకాలే రండి," అన్నాడు.

బోరివలిలో ఆయన మిఠాయి పెట్టె చంకన పెట్టుకుని, జనాన్ని మోచేత్తో పక్కకు నెడుతూ ముందు దిగాడు. దిగి, వీళ్లు తప్పిపోలేదు కదా అని రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. మెడెయిన్ ప్రయాణికులు ఇద్దరూ పెట్టెలు మోసుకుంటూ, వీలైనంత బెదురు ముఖాలు పెట్టుకుని, ఆయన వెంట నడిచారు.